పులివెందుల క్యాంపులో ఒక సంతకం

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది వేసవిలో నన్ను మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా ప్రొద్దుటూరుకు బదిలీ చేశారు. మాది తెనాలి వైపు. నోటి దురుసు మనిషినని శాఖలో నాకు పేరు. అక్కడ అందరూ నాకంటే సూటిగా మాట్లాడేవాళ్లే కావడంతో వారంలోనే ఊరు నచ్చింది. కాలు మాత్రం ఒకచోట నిలిచేది కాదు. బుధవారం జమ్మలమడుగు క్యాంపు, శుక్రవారం పులివెందుల క్యాంపు. క్యాంపంటే ఖాళీ మైదానంలో సున్నంతో ఎనిమిది అంకె గీసి, పక్కన రేకుల షెడ్డులో బల్ల వేసుకుని కూర్చోవడం. ఆ గీత దాటకుండా, కాలు కింద పెట్టకుండా బండి తిప్పినవాడు పరీక్ష పాసైనట్టు. ఆ తర్వాత కాగితాలు చూసి లైసెన్సు మంజూరు చేయడం నా పని.

ఆ రోజుల్లో ఆటో అయినా లారీ అయినా, కిరాయికి తిప్పే బండి నడపాలంటే ఎనిమిదో తరగతి పాసై ఉండాలి. అది కేంద్ర నిబంధన. మరోవైపు రాష్ట్ర ప్రభుత్వం ఒక స్వయం ఉపాధి పథకం కింద సబ్సిడీ మీద ఆటోలు ఇస్తూ, లబ్ధిదారులకు ఐదో తరగతి చాలని ఉత్తర్వు ఇచ్చింది. మోటారు వాహనాలు ఉమ్మడి జాబితాలోని విషయం. దాని మీద కేంద్ర చట్టం, రాష్ట్ర చట్టం ఢీకొంటే, రాష్ట్రపతి ఆమోదం ఉంటే తప్ప కేంద్రానిదే చెల్లుతుంది. ఇక్కడ రాష్ట్రానిది చట్టం కూడా కాదు, వట్టి ఉత్తర్వు. డిపార్ట్‌మెంటు పరీక్షలో ఈ జవాబు రాసి నేను మంచి మార్కులే తెచ్చుకున్నాను.

తెచ్చుకుని ఏం లాభం? చేరిన రెండో వారం పులివెందుల క్యాంపులో జనం విరగబడ్డారు. తొండూరు నుంచి వచ్చిన ఓబులేసు అనే అతని దరఖాస్తు మీద ఆ ఉత్తర్వు నకలు, దాని మీద గుండ్రటి ముద్ర ఉన్నాయి. ముద్ర చూశాను, తరగతి చూడలేదు. సంతకం పెట్టేశాను. పది రోజుల్లో అతనికి పథకం ఆటో వచ్చింది. గండి ఆంజనేయస్వామి గుడికి యాత్రికుల్ని తిప్పుకోవడం మొదలుపెట్టాడు.

నెల తిరగకుండా జమ్మలమడుగు క్యాంపుకు మస్తాన్ వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి. కువైట్‌లో పదకొండేళ్లు నీళ్ల ట్యాంకరు తోలి, ఇక భార్యాబిడ్డల దగ్గరే ఉండిపోదామని వచ్చేశాడు. నా సర్వీసులో ఎనిమిదిని అంత నున్నగా తిప్పినవాణ్ణి చూడలేదు. కాగితాలు తిరగేశాను, ఐదో తరగతి. ఆ రోజు తీరిక దొరికింది, నిబంధన గుర్తొచ్చింది. కుదరదన్నాను. నెలాఖరులోగా లైసెన్సు చూపకపోతే పథకం కింద తనకు మంజూరైన ఆటో జాబితాలో తర్వాతి పేరుకు పోతుందని, అప్పుడు మళ్లీ ఎడారికి పోవడమే గతి అని చెప్పాడు. నాకు జాలి వేసింది. అయినా నియమం నియమమే అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నాకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది, సిగ్గులేకుండా ఒప్పుకుంటున్నాను.

మూడో రోజు అతను ప్రొద్దుటూరు ఆఫీసుకే వచ్చాడు. గొంతు పెంచలేదు.

"పులివెందులలో ఓబులేసుకు ఇచ్చినారంట గదా మేడం. నేనూ వాడూ కలమల్ల కాడ ఒగే బడి, ఒగే బెంచీ. ఇద్దురమూ ఐదుతోనే నిలబడిపోయినోళ్లం. వానికి పనికొచ్చిన జీవో నాకు యాల పనికిరాదు?"

కనుక్కుని చెబుతానని పంపించి, రిజిస్టరు తెరిచాను. నా సంతకమే. మూసి మళ్లీ తెరిచాను, అది మారుతుందా? ఆ వారమంతా కూర్చుంటే లేవబుద్ధి, లేస్తే కూర్చోబుద్ధి. మస్తాన్‌కూ ఇచ్చేస్తే ఇద్దరూ సమానమే, కానీ తెలిసి తెలిసి రెండో తప్పు. ఆ లెక్కన ఆ పథకంలో ఉన్నవాళ్లందరికీ ఇవ్వాలి. రేపు ఆ ఆటో ఎక్కడైనా గుద్దిందంటే, లైసెన్సే చెల్లదంటూ బీమా కంపెనీ చేతులు దులుపుకుంటుంది.

మా పై అధికారికి చెప్పాను. ఎవరూ అడగనిదాన్ని ఎందుకు తవ్వుతావమ్మా, ఇచ్చింది ఇచ్చినట్టు ఉంచు, ఇకమీదట ఆపు అన్నారు. ఆ మాటే రాసివ్వండి అని అడిగాను. ఆయన నవ్వి ఫైలు నా వైపు తోశారు.

ఓబులేసుకు నోటీసు ఇచ్చాను. లైసెన్సు రద్దు చేసే ముందు మనిషి చెప్పుకునేది వినాలి, అది పద్ధతి. ఆలోపు ఓబులేసు మండలం నుంచి ఒక పెద్దమనిషి ఫోను చేసి, ఈ ఊళ్లో ఉద్యోగం చేయాలని లేదా అని నెమ్మదిగానే అడిగాడు. ఉందనే చెప్పాను. విచారణ రోజు ఓబులేసు ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు.

"మీరే ఇచ్చినారు, మీరే తీసుకుంటాండారు. ఇంగ నేను చెప్పేదేముంది మేడం?" అన్నాడు.

రద్దు ఉత్తర్వులో పొరపాటు నాదేనని రాశాను. సంజాయిషీ అడిగారు, ఇచ్చాను. ఇకపై జాగ్రత్తగా ఉండమని మెమో వచ్చింది. ఓబులేసు ఆటోను పథకం వాళ్లు తీసుకెళ్లారు. అతను కలమల్ల దగ్గర థర్మల్ కరెంటు కేంద్రం బూడిద లారీలకు లోడు ఎత్తే కూలికి పోయాడు.

నెలాఖరు దాటాక మస్తాన్ తన కాగితాలు వెనక్కి తీసుకోవడానికి వచ్చాడు. నాకు ఓ మూల నిమ్మళంగా ఉంది. ఇప్పుడు అందరికీ ఒకటే నియమం అయింది కదా, ఇతనికీ న్యాయంగానే తోచి ఉంటుందనుకున్నాను. ఆ మాటే చెప్పాను కూడా. అతను కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నాకు ఇయ్యకపోతే పాయె మేడం. వానిది తీయమని నేనేమన్నా పిటిషన్ పెడితినా? నాకూ ఇయ్యమని అడిగితి, అంతే. ఇప్పుడు వాడు నాతో మాట్లాడ్డంల్యా. నేను కువైట్‌కు పోతాండా, వాడు ఈడ బూడిద ఎత్తుతాండాడు."

కాగితాలు అందినట్టు అతనిచేత సంతకం పెట్టించుకున్నాను, అదీ పద్ధతే.

నేను రిటైరయ్యాక కేంద్రమే ఆ ఎనిమిదో తరగతి నిబంధనను ఎత్తేసింది. పేపర్లో చదివాను. అయినా నా రద్దు ఉత్తర్వు తప్పనుకోవడం లేదు. ఉన్నన్నాళ్లూ అది చట్టమే, పై చట్టం ఉండగా కింది ఉత్తర్వు చెల్లదు. తప్పంతా మొదటి సంతకంలో ఉంది. నియమం అందరికీ ఒకటిగా నడవాలంటే మొదటి మనిషి నుంచే నడవాలి. నేను రెండో మనిషి దగ్గర మొదలుపెట్టాను. దానికి ఓబులేసు ఆటో పోయింది, మస్తాన్‌కు స్నేహితుడు దూరమయ్యాడు, నాకు ఒక మెమో వచ్చింది.