కమాన్ల కచ్చురం

మొన్న మా అన్న కొడుకు జనగామలో మా ఇంటి ముందు కారు ఆపి, దిగకుండానే, "అత్తా, నీ తెలుగు మంచిగుంటది గదా, ఈ కారు అమ్ముతున్న, నాలుగు ముక్కలు రాసియ్యి" అన్నాడు. వెనక డిక్కీ బారుగా సాగిన కారది. కొన్న నాటి నుంచి దాని పొట్ట విప్పి ఏదో ఒకటి మారుస్తూనే ఉన్నాడు. ఎత్తు తగ్గించాడు, చక్రాలు మార్చాడు, ఉరుకుడు పెరగాలని కింద మెత్తటి స్ప్రింగులు తీసేసి గట్టివి వేయించాడు. ఇప్పుడు దాంట్లో కూర్చుంటే రోడ్డు మీది ప్రతి గులకరాయీ మన వెన్నుపూసకు తన పేరు చెప్పి మరీ పోతుంది. ఇంత చేసి, "చక్కగా కాపాడుకున్న బండి" అని రాయమంటాడు. కాపాడుకోవడమంటే ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచుకోవడమా, ఉన్నది పీకేసి ఇంకోటి పెట్టడమా అని నేను వాదనకు దిగితే, వాడు నవ్వి "రెండూ, అత్తా" అన్నాడు. ఆ "రెండూ" వినగానే మా బాపు కచ్చురం అమ్మిన రోజు మతికి వచ్చింది. ఆ రోజు మా వాకిట్లో అసలేం జరిగిందో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు.

కచ్చురమంటే మన ఈడు వాళ్లకు చెప్పనక్కరలేదు గానీ, పక్కన పిల్లలుంటే వాళ్ల కోసం చెబుతున్నాను. వడ్లు, పెంట మోసే మొద్దు బండి కాదది. నలుగురు కూర్చుని పోయే తేలిక సవారీ బండి. చిట్యాల దగ్గరి మా పల్లెలో అలాంటివి రెండు మూడు ఉండేవి గానీ, మా బాపుదాని ముందు అవి కూడా మొద్దు బండ్లే. ఇరుసుకు బేరింగులు పెట్టించాడు. వరంగల్లు పాత ఇనుప సామాన్ల అంగడిలో వెతికి వెతికి ఎవరిదో జీపు కమాన్లు, అదే కుదుపులు మింగే స్ప్రింగులు, తెచ్చి, కమ్మరితో బండి కింద కట్టించాడు. పట్టీ మీద పట్టీగా వంగి ఉండే ఆ కమాన్ల మీద బండి ఊగుతుంటే చూడడానికి పక్క ఊళ్ల వాళ్లు కూడా వచ్చేవారు. బాపు దానికి కందెన పెట్టడం చూస్తే పసిపిల్లకు నూనె అంటుతున్నట్టుండేది. కోడి ఎక్కితే కోడికి తిట్లు, మేము ఎక్కితే మాకు తిట్లు. ఒకసారి జాతర పందెంలో ముందుగా వచ్చిందేమో, అప్పటి నుంచి "పందెం కచ్చురం" అన్న పేరు స్థిరపడింది, బాపు పందేల పిచ్చోడన్న పేరు దానికి జతపడింది. మేమూ అదే నమ్మాం.

ఇక్కడ నా పుట్టుక సంగతి ఒకటి చెప్పాలి. నేను పుట్టింది అరవై తొమ్మిదిలో, తెలంగాణ కొట్లాట ఏడు. బస్సులు నిలిచిపోయిన రోజుల్లో అమ్మకు నొప్పులు మొదలైతే, బాపు మామూలు వ్యవసాయపు బండి కట్టి, రాళ్ల బాట మీద ఎడ్లను పరుగెత్తించి పరకాల దవాఖానకు చేర్చాడట. నేను క్షేమంగానే భూమ్మీద పడ్డాను. అమ్మ నడుము మాత్రం మళ్లీ సరిగా నిలబడలేదు. "నిన్ను కన్నందుకు గాదే, నిన్ను కనబోయినందుకు పట్టింది నా నడుము" అని నన్ను దెప్పేది. తర్వాత ఆమె బస్సు ఎక్కలేకపోయింది, మామూలు బండి అసలే ఎక్కలేకపోయింది. మొగుళ్లపల్లిలో పుట్టింటికి పోవాలంటే ఆమెకున్నది, నేను పుట్టాక బాపు కట్టించిన ఆ కచ్చురం ఒక్కటే. పదేళ్లకు పైగా ఇదంతా కళ్ల ముందు చూస్తూ కూడా, ఆ నడుముకూ ఈ కమాన్లకూ సంబంధం ఉంటుందని మాకెవరికీ తట్టలేదంటే, మా చదువులు ఎంత గొప్పవో చూడండి.

నేను హనుమకొండలో ఉండి ఇంటరు చదువుతున్న రోజుల్లో, ఒక ఎండాకాలం, జతలో ఒక ఎద్దు కడుపు ఉబ్బి చచ్చిపోయింది. బాపు ఇంకో ఎద్దును తేలేదు. ఏ సంతకు పోయినా "దాని జోడి దొరకలె" అని వట్టి చేతులతో వచ్చేవాడు. కచ్చురం కొట్టం కింద ఏడాది నిలబడిపోయింది. ఆలోగా అన్న మోటారు సైకిలు కొన్నాడు. బండి చెదలు పట్టిపోక ముందే అమ్మేద్దామని పట్టు పట్టాడు. అమ్మ పుట్టింటికి ఎట్లా పోతుందని నేను అడిగాను. "నా వెనక కూసుంటది" అన్నాడు. పక్క ఇంటికి పోయి వస్తేనే గోడ పట్టుకుని కూర్చునే మనిషి మోటారు సైకిలు వెనక ఎట్లా కూర్చుంటుందని నేను, నీకేం తెలుసని వాడు, తెల్లవారి నుంచి పొద్దు గూకే దాకా కొట్లాడుకున్నాం. కాలేజీలో వాద పోటీల్లో కప్పులు గెలుచుకొచ్చిన దాన్ని, అన్న మాటలు ముక్కలు ముక్కలు చేశాను. నేను ముక్కలు చేస్తున్నంత సేపు బాపు చుట్ట కాలుస్తూ విని, చివరకు "అయిందా వకీలమ్మా? మొగుళ్లపల్లి నుంచి రేపు బేరానికొస్తున్నరు" అన్నాడు. అమ్మ వంటింట్లో తన పని తాను చేసుకుంటూ పోయింది. అది నాకు ఇంకా మంట.

వచ్చినతను అమ్మ పుట్టిన ఊరివాడే. రక్తసంబంధం లేకపోయినా ఊరి వరుసన అమ్మకు తమ్ముడు, నాకు మామ. ఎడ్ల పందేలంటే ప్రాణం పెట్టే మనిషి. తన కోడె జతను తోలుకుని, కోర మీసం దువ్వుకుంటూ వచ్చాడు. బండి చుట్టూ తిరిగాడు, చక్రం ఎత్తి తిప్పాడు, అది తిరుగుతూనే ఉంటే చిన్నపిల్లాడిలా నవ్వాడు. తర్వాత కిందికి వంగి చూసి నవ్వాపాడు.

"బావా, గిదేంది? పందెం బండికి కమాన్లెందుకు? ఉరుకుతుంటె ఊగి ఊగి ఎడ్లను ఎనకకు గుంజయా? గిది బండా, ఉయ్యాలనా?"

మామ తనే, "పోనీ తియ్. నేను తీసుకపోయి కమాన్లు ఊడపీకి పారేస్త. బేరింగులు ఒక్కటి సాలు నాకు" అన్నాడు. ఇద్దరూ అరుగు మీద కూర్చుని, బాపు భుజం మీది తువ్వాల తీసి చేతుల మీద కప్పుకున్నారు. అంగడిలో పశువుల బేరం అట్లాగే కదా చేసేవారు: తువ్వాల కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని ధర చెప్పుకోవడం, పైకి మాత్రం వానల గురించి మాట్లాడుకోవడం. చుట్టూ ఎంతమంది ఉన్నా ఎవరికీ ధర తెలియదు. వాళ్లిద్దరి చేతులు తువ్వాల కింద కాసేపు కదిలాయి. మామ మొహం వెలిగింది, బేరం కుదిరిందనుకున్నాం. ఉన్నట్టుండి బాపు చేయి బయటికి లాగేశాడు.

"కమాన్లు తియ్యొద్దు."

"కొన్నంక నా బండి గాదా బావా?"

"నీదే. కమాన్లు మాత్రం తియ్యొద్దు."

ఇక్కడ నేను ఆగలేకపోయాను. బండి అమ్మొద్దని నిన్నంతా వాదించిన దాన్నే, ఇప్పుడు బాపు మీదికి లేచాను. అమ్మిన తర్వాత వస్తువు మీద అమ్మినవాడికి ఏం హక్కు ఉంటుంది, అమ్మదలుచుకుంటే పూర్తిగా అమ్ము, లేకపోతే మానెయ్యి, ఈ సగం సగం ఏమిటి అని నిలదీశాను. అన్న మొదటిసారి నా వైపు మాట్లాడాడు. మామ కూడా "పిల్ల సక్కగ మాట్లాడ్తుంది బావా" అన్నాడు. ముగ్గురం ఒకవైపు, బాపు ఒక్కడు ఒకవైపు. ఆయన మళ్లీ తువ్వాల కింద చేయి పెట్టడం, మామ ఏదో వేలు నొక్కడం, ఈయన మళ్లీ చేయి తీసేయడం, ఇట్లా ఎన్నిసార్లు జరిగిందో. ఎందుకు తియ్యొద్దో చెప్పమంటే చెప్పడు. చెప్పలేకనా, చెప్పడం ఇష్టం లేకనా తెలియదు. మామ విసిగి లేచి పగ్గాలు అందుకున్నాడు.

అప్పుడు అమ్మ వచ్చింది. ఒక చేత్తో గోడ పట్టుకుని, ఇంకో చేత్తో నడుము పట్టుకుని, మగవాళ్లు బేరమాడే అరుగు మీదికి వచ్చి నిలబడింది.

"గాయన నోరెట్ల చెప్తదిరా తమ్మీ, ఎన్నడన్న చెప్పిండా? గా కమాన్లు పందేనికి ఏసినయి గావు. నా నడుముకు ఏసినయి. కూసో."

మామ కూర్చున్నాడు. బాపు తల వంచుకున్నాడు. నేను, అన్న మొహాలు చూసుకున్నాం. అమ్మకు ఎప్పటి నుంచి తెలుసు? ఆమెకు తెలుసని బాపుకు తెలుసా? ఇవి అడిగే లోపే అమ్మ మెల్లగా అరుగు మీద కూర్చుని, "ఏది, చేతులు పెట్టుండ్రి" అంది. వాళ్లిద్దరూ బుద్ధిమంతుల్లా చేతులు పెట్టారు. ఆమె తువ్వాల కప్పి, దాని కిందికి తన చేయి కూడా పోనిచ్చింది.

ఆడమనిషి తువ్వాల కింద చేయి పెట్టడం మా వైపు నేను చూసింది అదొక్కసారే. మూడు చేతుల్లో ఎవరి వేలు ఎవరు పట్టుకున్నారో, ఎవరికి ఏం చెప్పారో పైనుంచి చూసేవాళ్లకు ఎట్లా తెలుస్తుంది? తువ్వాల రెండుసార్లు లేచి పడింది. మామ "అమ్మో, అక్కా!" అన్నాడు. బాపు, నవ్వో ఏడుపో తెలియని శబ్దం ఒకటి చేశాడు. అంతే, బేరం కుదిరింది. మామ కోడెల్ని కచ్చురానికి కట్టుకుని వెళ్లిపోయాడు. బాపు కొట్టంలోకి పోయి, ఖాళీ అయిన జాగాను ఊడ్చాడు. ఆయన చీపురు పట్టడం మేమెప్పుడూ చూడలేదు.

ధర ఎంతో, షరతు ఏమిటో మాకు చెప్పలేదు. అమ్మను అడిగితే "మీ బాపునడుగు" అంది. బాపును అడిగితే "మీ మామనడుగు" అన్నాడు. ఆ ఏడు బతుకమ్మ పండుగకు ముందు, పొద్దున్నే గజ్జెల చప్పుడైతే బయటికి వచ్చి చూశాం. అదే కచ్చురం. కింద అవే కమాన్లు, కొత్త కందెనతో. మామ దిగి, "మా ఊరి ఆడిబిడ్డను తోల్కపోను వచ్చిన" అన్నాడు. ఆ తర్వాత ప్రతి ఏడూ వచ్చాడు. పందేలలో ఆ బండితో ఒక్కసారి కూడా గెలవలేదట, ఊళ్లో వాళ్లు ఎంత నవ్వినా కమాన్లు మాత్రం తీయలేదు. ఎందుకు మామా అని అడిగితే, "మీ అమ్మనడుగు బిడ్డా" అని మొదటికే తెచ్చాడు. అన్నేమో అమ్మ ధర తగ్గించి ఉంటుందంటాడు. కావచ్చు. కానీ వేళ్లతో ధర చెప్పగలం గానీ, "కమాన్లు తియ్యకు, బతుకమ్మకు వచ్చి నన్ను తోల్కపో" అని ఏ వేలు చెబుతుంది? లేక అది అడగకుండానే మామకు తోచిందా? అమ్మ పోయింది, బాపు పోయాడు, మామ కూడా పోయాడు. ఆ తువ్వాల సంగతి తెలిసి నాతో వాదించడానికి ఇక ఎవరూ మిగల్లేదు.

నాకు బాగా గుర్తున్నది ఆ మొదటి బతుకమ్మ నాటి పొద్దు. బాపు ఆ బండి ఎక్కలేదు. తనది కాని బండి మీద ఎట్లా ఎక్కుతాడు? కచ్చురం కదిలితే, వాడకట్టు చివరి దాకా దాని పక్కనే నడుచుకుంటూ పోయాడు. "కుంట కట్ట దాటంగనే ఎడమకు గుంత ఉంటది, పైలం. వాగుకాడ రాళ్లు తేలినయి, పైలం. తుమ్మచెట్టు మలుపు కాడ జర నిమ్మలం" అని మొగుళ్లపల్లి దాకా బాటంతా మామకు అప్పజెప్పాడు. ఇప్పుడు చిట్యాల రోడ్డు అద్దంలా ఉంది. జనగామ నుంచి కారులో పోతే కళ్లు మూసి తెరిచేలోగా ఊరు వస్తుంది, నడుము అదరదు. బండి తోలేవాళ్లూ మంచివాళ్లే, చల్లగాలి పెడతారు, పాటలు పెడతారు. కానీ వెనక కూర్చున్న మనిషి కోసం ఆ బాట మీది గుంతలన్నీ నోటికి నేర్చుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారేమో, నాకైతే ఇప్పటిదాకా కనబడలేదు.