వంటగట్టు ఎత్తు

మా వంటింట్లోకి వచ్చినవాళ్లంతా అడిగే మాట ఒకటే. ఇదేం ఎత్తమ్మా, ఇంత కిందికి కట్టించుకున్నారేంటి అని. నిలబడి వండితే నడుం వంచాలి, కుర్చీ వేసుకుని వండితే మోచేతులు భుజాల దాకా లేపాలి. అట్లా కుదిరిందిలే అని ఊరుకుంటాను. వచ్చిన ప్రతి మనిషికీ కథంతా ఎక్కడ చెప్పుకుంటూ కూర్చుంటాం?

లాలాగూడలో రైల్వే వర్క్‌షాపు వెనక సందులో మాది రెండు గదుల ఇల్లు. మా మామ ఆ వర్క్‌షాపులో పనిచేసే రోజుల్లో కట్టుకున్నది. అందులో వంటిల్లు మా అత్తది. ఆమెది అంటే ఆమెదే. నేను కోడలిగా వచ్చి ఇన్నేళ్లయినా పోపుల డబ్బా ముట్టుకోవాలంటే అడిగి ముట్టుకోవాల్సిందే. ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక బడి ఆఫీసులో నా ఉద్యోగం. పొద్దున ఆమె కట్టిచ్చిన టిఫిన్ పట్టుకుని పోవడం, సాయంత్రం వచ్చి ఆమె వండింది తినడం. నీ అంత అదృష్టవంతురాలు లేదని మా ఆఫీసులో అనేవాళ్లు. నాకేమో ఒళ్లు మండేది. నా ఇంట్లో నేను చుట్టాన్నా?

ఆ వంటిల్లయినా బాగుండేదా అంటే, చూస్తేనే దిగులు పుట్టేది. కిరసనాయిలు స్టవ్వు నాటి మసి పైకప్పుకు అట్ట కట్టి ఉండేది. చెక్క అరలను చెదలు తినేశాయి. గట్టు మీది షాబాదు బండ పగిలి, ఆ పగులులో బొద్దింకలు కాపురం పెట్టాయి. మార్చుదాం అత్తమ్మా అంటే, "నేను పోయినంక మార్చుకో, ఎవరొద్దన్నరు?" అనేది.

ముందు ఆమె కాలు పోయింది. షుగరు. కుడికాలు మోకాలి కిందికి తీసేసి ఇంటికి పంపారు. అప్పటి నుంచి పాత చక్రాల కుర్చీలో ముందుగదిలో కూర్చుని, ముక్కుతోనే నా వంటను కనిపెట్టేది. "ఏమే, పోపు మాడుతున్నది!" "పసుపు ఏసినవా, మర్సినవా?" నేను కలిపిచ్చిన అన్నం రెండు ముద్దలు తిని కంచం పక్కకు జరిపేది. మనిషి చిక్కిపోసాగింది.

ఒకరోజు నేను వచ్చేసరికి కుర్చీ వంటింట్లో ఉంది. గట్టు అంచు ఆమె గడ్డానికి ఆనుతోంది. పైకి చెయ్యి చాపి చారు గిన్నె దించబోయి మీద ఒంపుకుంది. చెయ్యంతా బొబ్బలు. "నీకేమన్నా తిక్కా? ఇంకా కాల్చుకోవాల్నా?" అని గట్టిగా అరిచాను. ఎప్పుడూ నాకు రెండింతలు తిరిగి అరిచే మనిషి, ఆ రోజు ఏడ్చింది.

"నన్ను మళ్ల వంటింట్ల పెట్టు బిడ్డా," అంది. "గిట్ల ముంగటర్రల మూట లెక్క పడి ఉండుడు నాతోని కాదు. గింతకంటె సచ్చుడే నయం."

గట్టు దింపాలి, అంతకంటే దారి లేదు. ఇంట్లో ఉన్న డబ్బు ఆమె ఆస్పత్రి ఖర్చుకని పక్కన పెట్టింది ఒక్కటే. మా ఆయన దాన్ని ముట్టుకోవడానికి జంకాడు. గోడ అవతల నుంచి ఆమె విననే వింది. "నాకింక దవాఖాన ఏందిరా? తీసేది తీసిండ్రు, అయిపాయె. గా పైసలు గట్టుకు పెట్టుర్రి. నా మీద ఒట్టు."

ఆ కాస్త డబ్బుతోనే మొత్తం కానివ్వాలి. మా ఆయన రాంగోపాల్‌పేట్‌లో రంగుల దుకాణంలో పనిచేస్తాడు. రంగు తప్పు కలిసిందని ఎవరో తిప్పి పంపిన ఎనామెల్ డబ్బాలు దాదాపు ఊరికే తెచ్చాడు. బత్తాయి రంగు అన్నాడు. "బత్తాయి కాదు, వాంతి రంగు," అన్నాను. "ఏ రంగైతేందే, మసి పోతే సాలు," అంది అత్త. టైల్స్ నాలుగు రకాలు, ఎక్కడెక్కడో మిగిలిన ముక్కలు. పగిలిన బండలో బాగున్న సగమే మళ్లీ గట్టుకు వాడుకోవాలనుకున్నాం. మసి నేనే స్టూలెక్కి సోడా నీళ్లతో గీకాను. ఆమె గడప దగ్గర కుర్చీ ఆపుకుని, "గా మూల ఇడ్సినవ్, కండ్లు ఏడ పెట్టినవే," అని గదమాయించింది. గదమాయింపు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మనిషి మళ్లీ మనిషవుతోంది.

ఎత్తు కొలిచింది నేను. కుర్చీని గోడ పక్కన పెట్టి, ఆమె మోచెయ్యి వంచి, ఆనిన చోట బొగ్గుతో గీత గీశాను. బండ పైభాగం ఈ గీతకు రావాలి, వేలెడు కూడా పైకి పోవద్దని మేస్త్రీకి చెప్పి ఆఫీసుకు పోయాను. సాయంత్రం వచ్చి చూస్తే బండ నా గీతకు పైన ఉంది. ఒక వరుస ఇటుకలు ఎక్కువ కట్టాడు.

"గీత కనబడలేదా? కళ్లున్నాయా లేవా?" అని విరుచుకుపడ్డాను. మేస్త్రీ మా అత్త వైపు ఒకసారి చూసి తల గోక్కున్నాడు. "ఒక్క వరుసనే కదమ్మా," అన్నాడు.

"ఏందే గంత లొల్లి?" అంది అత్త. "నాకు గిట్లనే మంచిగున్నది. ఆయన్ని పోనియ్యి, పొద్దుగూకింది." కూరగాయల బండివాడిని కూడా కొసరు లేకుండా వదలని మనిషి. నాకు వింతగానే అనిపించింది. అలసిపోయి ఉన్నాను, వదిలేశాను.

కొత్త గట్టు మీద పాలు పొంగించాల్సిందేనని పట్టుబట్టింది. పొంగించాం. తరువాత ఆమె పుంటికూర పప్పు వండింది. గట్టు ఎత్తు కావడంతో చెయ్యి ఎత్తి కలిపేది, నొప్పి పుట్టి దించేది, మళ్లీ కలిపేది. నేను గరిటె తీసుకోబోతే చేతి మీద ఒకటేసింది. ఆ పూట కంచం నిండా పెట్టుకుని తింది. ఆమె తింటుంటే చూస్తూ కూర్చున్నాను. ఆ ముసలామె మీద నాకు అంత ప్రేముందని అప్పటిదాకా నాకే తెలియదు.

ఎండలు మండిపోతున్నాయి. ఆమె మాత్రం ఉన్న ఎడమకాలికి మా ఆయన పాత సాక్సు తొడుక్కుని తిరిగేది. "ఇంత ఎండల సాక్సేందత్తమ్మా?" అంటే, "కాలు సల్లగైతున్నదే, నీకేంది తక్లీఫ్?" అనేది. కాలు తీసేసినప్పటి నుంచి స్నానానికి కూడా ఎవరినీ దగ్గరికి రానిచ్చేది కాదు. సిగ్గు అనుకున్నాను.

గోడల రంగు వాసన చాలా రోజులు పట్టి ఉంది. అది పోయాక ఇంకో వాసన మిగిలింది. ఎలుక చచ్చిందనుకున్నాను.

"ఎలుకనే అయ్యుంటది. సిలిండర్ ఎనక సూడు," అంది అత్త, స్టవ్వు ముందు కుర్చీలో కూర్చుని. సిలిండర్ లాగాను. డబ్బాలన్నీ బయట పెట్టాను. మోకాళ్ల మీద కూర్చుని గట్టు కిందికి తల దూర్చాను. అక్కడ నా ముఖం పక్కనే ఆమె కాలు ఉంది.

సాక్సు లాగితే రాలేదు. అంటుకుపోయింది.

"ఎప్పటిసంది?" అన్నాను.

"గట్టు షురూ కాకముందు సిన్న పొక్కే ఉండె. జెప్తే గా పైసలు దవాఖానకు పోతుండె." తప్పు చేసినట్టు కూడా లేదు ఆమె ముఖం.

అప్పు తెచ్చి ఆస్పత్రిలో చేర్చాం. విషం ఒళ్లంతా పాకిందన్నారు, తొడ దాకా తీసినా నమ్మకం లేదన్నారు. లోపలికి తీసుకుపోయే ముందు నన్ను దగ్గరికి రమ్మంది.

"మేస్త్రీని ఏమనకు. గా వరుస నేనే పెంచమన్న."

"ఎందుకు?"

"నేనెన్నొద్దులు కూసుంట ఆడ? ఆ తర్వాత నిలబడి వండేది నువ్వే గద. మరీ కిందికైతె నీ నడుము ఇరుగుతది."

నాకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. "నోరు ముయ్యి అత్తమ్మా. నువ్వే వచ్చి వండాలె. నాతోని కాదు," అన్నాను. ఆమె నవ్వింది. ఇంటికి మాత్రం రాలేదు.

గట్టు పైకి లేపిద్దామని మా ఆయన చాలాసార్లు అన్నాడు. నేను ఒప్పుకోను. బతికినన్నాళ్లూ పోపుల డబ్బా ముట్టనివ్వని మనిషి, తన కోసం కట్టించిన గట్టును కూడా తనకు సరిపోనివ్వకుండా పోయింది. కూర కలుపుతుంటే నడుం కలుక్కుమంటుంది. అప్పుడు ఆమెను తిడతాను. రోజూ తిడతాను.