మాంట్రియల్ జట్టు ఇంటిపేర్లు

బెన్‌హర్‌కి ఒక పని అప్పగించి, ఆ తర్వాత స్థిమితంగా టీ తాగిన మనిషిని జాక్లిన్ ఇంతవరకు చూడలేదు.

ఆ మంగళవారం ఆమెకీ టీ దిగలేదు. అడిలైడ్ దగ్గర మాసన్ లేక్స్ క్యాంపస్‌లో, నీటికెదురుగా ఉన్న బెంచీ మీద కూర్చుని, ఇద్దరూ కలిసి రాసిన రిపోర్టు చదువుతోంది. ‘కెనడా ప్రొఫెషనల్ ఐస్ హాకీలో గొప్ప జట్లు’ అన్నది అంశం. రెండు గంటలకు క్లాసులో దాని మీద మాట్లాడాలి. సబ్జెక్టు మార్కులన్నీ ఈ రెంటికే. రిపోర్టు నిన్న సాయంత్రమే అప్‌లోడ్ అయిపోయింది. చేసింది బెన్‌హర్.

జాక్లిన్‌ది బాపట్ల. కాలేజీలో ఉండగా బాల్ బాడ్మింటన్ జిల్లా జట్టులో ఆడింది. ఆ ఇష్టంతోనే స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ చదవడానికి ఇక్కడికి వచ్చింది. పద్ధతి మనిషి. ముగ్గురు అమ్మాయిలున్న అద్దె ఇంట్లో, ఫ్రిజ్‌లోని గోంగూర పచ్చడి సీసాకు కూడా పేరూ తేదీ రాసి అంటిస్తుంది. అలాంటి మనిషికి ఈ సబ్జెక్టు ఒకసారి పోయింది. పోయిన సెమిస్టర్‌లో ఆమెతో కలిసి చెయ్యాల్సిన నలుగురిలో ఇద్దరు సగంలో మాయమయ్యారు. మళ్ళీ తప్పితే కోర్సులో కొనసాగనివ్వబోమని యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరం మడతలు చిరిగేదాకా చదివింది.

ఈసారి లెక్చరర్ ఎవా ఇద్దరిద్దర్ని జత చేసింది. జాక్లిన్‌కి దక్కినవాడు బెన్‌హర్. తెనాలివాడు, రెండేళ్ళు చిన్న, వెళ్ళేది ఒకే తెలుగు చర్చికి. మంచివాడు. అదే పెద్ద చిక్కు. చెడ్డవాడైతే తిట్టి వదిలేయవచ్చు.

మంచు గురించి జాక్లిన్‌కి మొదట తెలిసిందల్లా నిజాంపట్నం రేవులో చేపల మీద పారలతో పోసే ముక్కలే. ఆరు వారాలు పాత ఆటల రీళ్ళు చూశాక మంచు వేరేగా కనిపించసాగింది. తెల్లటి కాగితమంత నేల. దాని మీద ఆటగాళ్ళు కొట్టే రబ్బరు బిళ్ళ ఒక నల్లటి చుక్క, తను ఏ వాక్యం చివర ఆగాలో తెలియక పరుగెత్తుతూ ఉంటుంది. వెనకాల మనుషులు ఊపిరితో గాలి మీద తెల్లటి మరకలు వేస్తూ వెళ్తారు. ఆ మనుషుల పేర్లు నలభై ఆరు, ఒక్క అక్షరం పొల్లుపోకుండా ఆమె పట్టికగా రాసి బెన్‌హర్‌కి పంపింది. “ఒక్కసారి చూసి అప్‌లోడ్ చెయ్యి, అంతే” అంది.

ఇప్పుడు ఆ పట్టిక తెరమీద ఇలా ఉంది: ఆర్. మారిస్. ఆర్. హెన్రీ. పి. జాక్. ఎం. మార్క్. సి. పాల్.

అంతలో బెన్‌హర్ చేతిలో చిప్స్ పొట్లంతో వచ్చాడు.

“ఏంది అక్కా, మొహం అట్టా పెట్టావ్?”

“రేయ్, ఇదేంట్రా? మన చర్చి క్వయర్ లిస్టా?”

“పేర్లు సరిచేశానక్కా. నువ్వు ఉల్టా రాశావ్ గదా.”

“ఉల్టానా?”

“ఆ! ఇంటిపేరు చివర్న పెట్టావ్. మనకి ఇంటిపేరు ముందు, అదీ పొడి అక్షరం. మా నాన్న ముప్పయ్యేళ్ళుగా మా ఊరి చర్చి సంఘం బోర్డు మీద అట్టాగే రాస్తున్నాడు. కె. ఏలియా, డి. సమూయేలు. ఎంత నీట్‌గా ఉంటదో!”

“వాళ్ళు కెనడావాళ్ళురా!”

“అయితే మాత్రం? అన్నదమ్ములిద్దరికీ ఇంటిపేరు ఒకటే వచ్చిందా లేదా? ఆర్. మారిస్, ఆర్. హెన్రీ. నువ్వే చూడు, ఎంత కరెక్టుగా కుదిరిందో.”

జాక్లిన్ కళ్ళు మూసుకుంది. కోపం రావడానికి కూడా కాస్త తావు కావాలి. వీడి ముఖంలో తప్పు చేసిన జాడ ఒక్క వీసమైనా లేకపోతే కోపం ఎక్కడ నిలబడుతుంది?

“మార్చడానికి కుదురుద్దా ఇప్పుడు?”

“ఎట్టా కుదురుద్ది అక్కా? నిన్న ఐదింటికే క్లోజ్ చేశారుగా.” చిప్స్ పొట్లం ముందుకు చాచాడు. “తింటావా?”

క్లాసులో ఎవా మొదటి స్లైడు దగ్గరే ఆపింది. తల నెరిసిన మనిషి. గొంతు పెంచదు, పెంచాల్సిన అవసరం రాదు.

“నేను పుట్టింది మాంట్రియల్‌లో” అంది. “మా వంటింట్లో ఆ జట్టు ఫోటో ఉండేది. అందులో ప్రతి ముఖమూ నాకు తెలుసు. ఈ ఆర్. మారిస్ ఎవరు?”

“మేడం, యాక్చువల్లీ...” అని బెన్‌హర్ మొదలుపెట్టాడు. జాక్లిన్ వాడి కాలు తొక్కింది.

“మారిస్ రిషార్” అంది. “మా వైపు ఇంటిపేరు ముందు వస్తుంది. దాన్ని ఒక్క అక్షరానికి కుదించి, మనిషిని సొంత పేరుతో పిలుస్తాం. మీ పద్ధతి మీది. మావాడు మీవాళ్ళకి మా పద్ధతి పెట్టాడు.”

“అయితే రెండో ఆర్.?”

“ఆయన తమ్ముడు. హెన్రీ రిషార్.”

వెనక వరుసలో ఎవరో నవ్వారు. ఎవా నవ్వలేదు.

“ఈ పేర్లు పట్టుకుని వెతికితే ఒక్క మనిషీ దొరకడు. దొరకని మనుషుల గురించి రాసిన రిపోర్టుకు దాని మార్కుల్లో సగానికి మించి నేను ఇవ్వలేను. మిగతా మార్కులు నోటితో సంపాదించుకోండి. స్లైడ్లు ఆపేయండి. ఎవరెవరో, ఎందుకు గొప్పవాళ్ళో చెప్పు, జాక్లిన్. పూర్తి పేర్లతో.”

స్లైడు ఆరిపోయింది. తెర ఖాళీగా, తెల్లగా మిగిలింది. జాక్లిన్‌కి ఉత్తరం మడతలు గుర్తొచ్చాయి.

మాట్లాడటం మొదలుపెట్టింది. పందొమ్మిది వందల యాభై ఆరు నుంచి అరవై దాకా వరసగా ఐదేళ్ళు కప్పు వదలని మాంట్రియల్. ముఖానికి ముసుగు తొడుక్కుని గోలు ముందు నిలబడ్డ జాక్ ప్లాంట్. నలభై రెండులో ఫైనల్లో మొదటి మూడు ఆటలూ ఓడి, తర్వాత నాలుగూ గెలిచిన టొరంటో. ఏడేళ్ళలో ఐదు కప్పులు కొట్టిన ఎడ్మంటన్. అందులో మార్క్ మెసియే, పాల్ కాఫీ. ఒక్కొక్క పేరు నోట్లోంచి నిండుగా వస్తుంటే, వాళ్ళు ఒక్కొక్కరే మంచు మీదికి దిగుతున్నట్టు అనిపించింది.

“ఇవన్నీ గొప్ప జట్లు ఎందుకయ్యాయి?” అని ఎవా అడిగింది.

“బంతికి బదులు వాడే ఆ బిళ్ళ తమ దగ్గర లేనప్పుడు కూడా పక్కవాడు ఎక్కడుంటాడో వాళ్ళకి తెలుసు” అంది జాక్లిన్. పక్కవాడి వైపు చూడకుండా ఉండలేకపోయింది.

బెన్‌హర్ దాన్ని మెచ్చుకోలు అనుకున్నాడు. “అవును మేడం, టీమ్ వర్క్!” అన్నాడు హుషారుగా.

ఎవా కాగితం మీద ఏదో రాసుకుంది. “శుక్రవారం మార్కులు పెడతాను” అని మాత్రం అంది.

మధ్యలో రెండు రోజులు జాక్లిన్‌కి అన్నం సయించలేదు. బాపట్ల నుంచి తల్లి ఫోన్ చేస్తే మార్కుల సంగతి దాటేసి కూర ఏం వండారని అడిగింది. శుక్రవారం మధ్యాహ్నం లైబ్రరీ మెట్ల మీద కూర్చుని ఫోన్ తెరిచింది. వేలు ఒకసారి జారింది. రెండోసారికి కనిపించింది.

యాభై రెండు. పాసుకు యాభై చాలు.

ఎండ మెట్ల మీద నుంచి పాదాల మీదికి పాకింది. అప్పుడే తెలిసింది, ఇద్దరూ ఒక జట్టు కాబట్టి ఆ యాభై రెండు బెన్‌హర్‌కి కూడా వచ్చింది. ఆ సంగతి తెలిసిన అరనిమిషానికే వాడి ఫోన్.

“అక్కా! కొట్టేశాం! చూశావా, నేను పేర్లు మార్చకపోతే ఆవిడ నిన్ను మాట్లాడమనేదే కాదు. నా వల్లే నీకు ఛాన్సొచ్చింది.”

“రేయ్...”

“థాంక్స్ ఎందుకులే అక్కా. వచ్చే సెమ్‌లో కూడా మనమే పార్ట్‌నర్స్ కదా? మేడంకి ఇప్పుడే మెయిల్ పెట్టేశా.”

జాక్లిన్ తల పట్టుకుంది. సంతోషం ఇంకా ఒంట్లో సర్దుకోనైనా లేదు. ఫోన్‌లో బెన్‌హర్ “హలో, అక్కా, ఉన్నావా? సిగ్నల్ పోయినట్టుందే” అంటూనే ఉన్నాడు.