నాయిన పిడికిలి

మా నాయిన మేడ్చల్‌లో సర్కారు బడి పంతులు, జీవశాస్త్రం చెప్పేవాడు. మా అమ్మ చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. వీళ్ళిద్దరికీ పెళ్ళి కుదిర్చిన మహానుభావుడు ఎవరో గానీ, దొరికితే నాలుగు మాటలు అడగాలని నాకు చిన్నప్పటి నుంచీ ఉండేది. రోజూ రాత్రి కంచాల ముందు కూర్చుని అమ్మ కళ్ళు మూసుకునేది. ఆకాశాన్ని చేసిన దేవుడికి, భూమిని చేసిన దేవుడికి, మా కంచాల్లో పప్పును చేసిన దేవుడికి తీరిగ్గా కృతజ్ఞతలు చెప్పేది. నాయిన కళ్ళు తెరుచుకునే కూర్చునేవాడు. అయినా అమ్మ ఆమెన్ అనేదాకా ముద్ద ముట్టేవాడు కాదు. ఆమెన్ అవగానే వాదన అందుకునేవాడు.

"పప్పు దేవుడు జేసిండా? కంది మొక్క గిట్ల కావడానికి ఎన్ని వేల ఏండ్లు వట్టిందో ఎరికేనా నీకు?"

"ఎన్నేండ్లు వట్టినా జేసింది ఆయనే గదా. తిను, సల్లారుతాంది."

వీళ్ళు కొట్టుకుంటున్నారేమో అని పక్కింటివాళ్ళు అనుకునేవారు. మాకు మాత్రం అది ఆగిన రోజే భయం వేసేది.

అమ్మ మాట కాదనలేక నాయిన ఆదివారాలు చర్చికి వచ్చి చివరి వరసలో కూర్చునేవాడు. తొంభైల మొదట్లో ఒక పాస్టరయ్య కొత్తగా వచ్చాడు. ఒక ఆదివారం ప్రసంగంలో, కోతి మీ తాత అని పిల్లలకు పాఠాలు చెప్పే మనుషులు మన మధ్యే ఉన్నారని గొంతు పెంచాడు. నాయిన లేచి నిలబడ్డాడు.

"కోతి మన తాత గాదయ్యా. కోతికీ మనకూ ముత్తాత ఒక్కడు. తిట్టేటప్పుడన్న సరిగ్గ జెప్పండ్రి."

నాయిన దగ్గర చదువుకునే పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆ నవ్వే కొంప ముంచింది. ఎదురు మాట్లాడినందుకు పెద్దలు క్షమించేవారేమో గానీ నవ్వును క్షమించలేకపోయారు. సంఘం ముందు నిలబడి "దేవుడే నన్ను సృష్టించాడు" అని ఒక్క మాట చెప్పమన్నారు. నాయిన చెప్పనన్నాడు. సంఘం నుంచి తీసేశారు. ఆ రాత్రి అమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది, మళ్ళీ ఆదివారం చర్చికి వెళ్ళింది. స్కూటరు మీద దింపింది నాయినే. ఆరాధన అయ్యేదాకా ఎదురుగా చాయ్ బండి దగ్గర కూర్చున్నాడు. ఇక ప్రతి ఆదివారం అదే అలవాటైంది.

కొన్నేళ్ళకు నాకు కొడుకు పుట్టాడు. ఆసుపత్రిలో వాడిని చూడగానే నాయిన చేసిన మొదటి పని, వాడి అరచేతిలో తన వేలు పెట్టడం. వాడు గట్టిగా పట్టేశాడు.

"సూడుండ్రి. కోతిపిల్ల తల్లి బొచ్చు వట్టుకుంటది గదా, గిది గదే. మనకు బొచ్చు వోయింది, పట్టు మిగిలింది."

అమ్మకు చర్రుమంది. "నా మనుమడు నీకు కోతిపిల్ల లెక్క కనవడుతున్నడా? తాతను గుర్తువట్టిండు వాడు. గది ప్రేమ."

"ప్రేమ లేదు గిమ లేదు. కట్టెపుల్ల వెట్టినా గంతే వట్టుకుంటడు. కొన్ని నెలలైతే పోతది. పోతదంటే యాడికీ పోదు, మెదడు పెరిగి దాన్ని తొక్కిపెడ్తది. లోపల ఉంటనే ఉంటది."

"నీ పాఠం బళ్లె జెప్పుకో, పో."

కుట్లు నొప్పి పెడుతున్నా నేను నవ్వాను. ఆ మంచం పక్కన ఇద్దరూ ఎంత బాగున్నారో.

ఆ తర్వాత ఎక్కువ కాలం లేదు అమ్మ. కిడ్నీలు పోయాయి. శామీర్‌పేట దారిలో ఉన్న చర్చివాళ్ళ సమాధుల తోటలో పెట్టారు. ఆమె పక్కన ఒక మనిషికి సరిపడా చోటు మిగిలింది. నాయిన ప్రతి ఆదివారం సాయంత్రం స్కూటరు మీద వెళ్ళి ఆమె సమాధి చుట్టూ గడ్డి పీకి వచ్చేవాడు, ఆ ఖాళీ చోట్లో కూడా పీకేవాడు. ఇంట్లో కంచం ముందు కాసేపు చేతులు కట్టుకుని కూర్చుని, అప్పుడు తినేవాడు. ఎందుకని నేను అడగలేదు. అడిగితే నాకే ఏడుపు వచ్చేది.

ఆయన చర్చిని ఏదైనా అడిగాడంటే ఆ చోటు ఒక్కటే. పెద్దల దగ్గరికి తనే వెళ్ళి, చచ్చిపోతే నన్ను ఆమె పక్కన పెట్టండని అడిగాడు. అది సంఘస్తులకే అన్నారు. పాత మాటే మళ్ళీ ముందు పెట్టారు, ఒక్క వాక్యం చెప్తే చాలన్నారు. నాయిన తిరిగి వచ్చేశాడు. నాకు ఒళ్ళు మండింది.

"ఒక్క మాట నాయినా! చెప్పి రారాదు? నీ సొమ్మేం పోతది?"

"గా మాట జెప్పి ఆమె పక్కన పండుకుంటే, అబద్ధం జెప్పి వచ్చినవా అని అడుగుతది మీ అమ్మ."

"అడగనీకె అమ్మ ఉంటదని నువ్వు నమ్మవు గదా!"

నాయిన స్కూటరు తాళం తీసుకుని గడ్డి పీకడానికి వెళ్ళిపోయాడు. ఆ రోజు ఆదివారం కూడా కాదు. ఆయనను పెట్టడానికి ఇంకో చోటు కూడా లేదు. మా దగ్గర ఎవరి శ్మశానం వాళ్ళది. ఊళ్ళో ఎవరిని అడిగినా మీకు చర్చి ఉంది కదా అంటారు. మనిషి ఎక్కడి నుంచి వచ్చాడన్నది ఆయన గొడవ అయితే, ఆయన ఎక్కడికి పోవాలన్నది నా గొడవ అయింది.

తర్వాతి వానాకాలంలో నాయిన బాత్రూంలో పడిపోయాడు. హైవే పక్కన ఆసుపత్రిలో చేర్చాం. మెదడులో రక్తం గడ్డ కట్టిందన్నారు. మాట లేదు, కళ్ళు తెరవడం లేదు. మా కాలనీలో ఉండే కోస్తా ఆవిడ చూడటానికి వచ్చి, "పాపం మాస్టారు, ఏ దేవుడైతేనేమండీ" అంటూ నుదుట విభూతి పెట్టింది. ఇదివరకైతే ఆవిడకు గంట పాఠం పడేది. ఇప్పుడు కదలకుండా పెట్టించుకున్నాడు. ఆవిడ వెళ్ళాక నేను తుడిచాను.

ఒక్కటే ఆశ ఉండేది. చేతిలో నా వేళ్ళు పెడితే పట్టుకునేవాడు, వదిలేవాడు కాదు. గుర్తుపడుతున్నాడని నా భర్తతో చెప్పాను. చుట్టాలకు ఫోన్లు చేశాను. రెండు రోజులు కుర్చీ మంచానికి ఆనించుకుని, చెయ్యి ఆయన పిడికిట్లో ఉంచి, అక్కడే కునుకు తీశాను. చెయ్యి తిమ్మిరెక్కినా తీసేదాన్ని కాదు.

డాక్టరు రౌండుకు వస్తే ఆయనకూ సంబరంగా చెప్పాను. కుర్రవాడు, నెమ్మదస్తుడు. జేబులోంచి పెన్ను తీసి నాయిన అరచేతిలో పెట్టాడు. వేళ్ళు ముడుచుకున్నాయి. పెన్నును కూడా అంతే గట్టిగా, అంతే ఇష్టంగా పట్టుకున్నాడు.

"మెదడు ముందుభాగం దెబ్బతింటే ఇలా అవుతుందమ్మా. పసిపిల్లల్లో ఉండే పట్టు మళ్ళీ బయటికొస్తుంది. ఆయనకు తెలిసి చేస్తున్నది కాదు."

పెన్ను వెంటనే రాలేదు, వేళ్ళు విప్పి తీసుకోవాల్సి వచ్చింది. ఆ పెన్నుతోనే మందులు రాసి వెళ్ళిపోయాడు. నాకు చెప్పాల్సిన అవసరం లేదు, ఆ పాఠం నాకు చెప్పిన మనిషి మంచం మీదే ఉన్నాడు.

మర్నాడు పాస్టరయ్య వచ్చాడు. పాతాయన బదిలీ అయ్యాడు, ఈయన వేరే, మంచివాడు. నాయినకు చోటు లేదనడం ఆయన మనసుకు కష్టంగా ఉండేది. వెంట ఇద్దరు పెద్దలు ఉన్నారు. ఆయన నాయిన చేతిలో చెయ్యి పెట్టి చెవి దగ్గర వంగాడు.

"సార్, దేవుడే మిమ్ముల సృష్టించిండని ఒప్పుకుంటున్నరా? ఒప్పుకుంటే నా చెయ్యి వట్టుకోండ్రి."

నాయిన పట్టుకున్నాడు.

"స్తోత్రం!" అన్నారు పెద్దలిద్దరూ. పాస్టరయ్య కళ్ళ వెంట నీళ్ళు కారాయి, నటన కాదు. నేను మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఉన్నాను. నోరు విప్పితే అమ్మ పక్కన చోటు పోతుంది. విప్పలేదు. అది తప్పని నాకు అప్పుడూ అనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు. నాయిన అబద్ధం చెప్పలేదు, పాస్టరయ్య చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఎవరూ అబద్ధం ఆడకుండానే పని జరిగిపోయింది.

ఆ వారమే నాయిన పోయాడు. తను గడ్డి పీకి ఉంచుకున్న చోట్లోనే పెట్టారు. జీవితమంతా వాదించిన మనిషి, నాలుక ఆగిపోయాక చేత్తో ఒప్పుకున్నాడని పాస్టరయ్య సమాధి దగ్గర చెప్పాడు. ఆ కథకు కాళ్ళొచ్చాయి. దుండిగల్ ప్రార్థన కూటాల్లో చెప్పారు, కండ్లకోయలో చెప్పారు. ఒకసారి గండిమైసమ్మ దగ్గర ఒక మీటింగులో, నేనెవరో తెలియని ఒకావిడ నా పక్కనే కూర్చుని నాకే చెప్పింది. అప్పటికి నాయిన రెండు చేతులూ ఆకాశానికి ఎత్తాడట, కన్నీళ్ళు పెట్టాడట. నాకు మండిపోయింది. తిట్టేటప్పుడు కూడా సరిగ్గా చెప్పమన్న మనిషి గురించి ఇన్ని తప్పులా!

"పాస్టరయ్యకు నిజం జెప్పెయ్యరాదు? ఇగ సమాధి తవ్వి బయటెయ్యరు గదా," అన్నాడు నా భర్త.

నిజమే. భయం తీరిపోయింది. పాస్టరయ్య వింటాడు కూడా. ఒక సాయంత్రం బయల్దేరి ఆయన ఇంటి గేటు దాకా వెళ్ళాను. మాటలు దారి పొడుగునా కూడబలుక్కున్నాను. అయ్యా, నాయిన ఒప్పుకోలేదు, ఆ పట్టులో ఆయన లేడు, పెన్ను పెట్టినా అలాగే పట్టుకున్నాడు.

గొళ్ళెం మీద చెయ్యి వేశాక ఆగిపోయాను. ఆ రెండు రోజులూ నా వేళ్ళు పట్టుకున్నది కూడా ఆ చెయ్యే. అమ్మ ఉంటే గది ప్రేమ అనేది. నాయిన ఉంటే కట్టెపుల్ల అనేవాడు. పాస్టరయ్య చేతిలో నాయిన లేడని చెబితే, నా చేతిలోనూ లేడని నా నోటితో నేనే చెప్పాలి. గేటు తియ్యకుండానే వెనక్కి వచ్చేశాను.