లారీ మీద తెలుగు తల్లి

మొన్న ఆదివారం ఒక కాలేజీ అమ్మాయి చేతిలో ఫారం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఊళ్ళో పెద్దవాళ్ళని అడిగి ఏవో వివరాలు రాసుకురమ్మన్నారట. రాసుకోవడం సంగతి తరువాత, ముందు నాకే పరీక్ష పెట్టింది. "బామ్మగారూ, మన రాష్ట్ర పక్షి ఏంటండి?" అంది. "పాలపిట్ట" అన్నాను టక్కున. "కాదండి, అది తెలంగాణ వాళ్ళదండి. మనది రామచిలుక" అంది నవ్వుతూ. పువ్వు కలువ అన్నాను. అదీ తప్పేనట, ఇప్పుడు మల్లెపువ్వట. వేపచెట్టూ కృష్ణజింకా మాత్రం పాతవే ఉన్నాయని నన్ను ఓదార్చింది. అన్నదమ్ములు వేరుపడినప్పుడు గంగాళం ఒకరు, రోలు ఒకరు తీసుకున్నట్టు పక్షుల్నీ పువ్వుల్నీ కూడా వాటాలు వేసుకున్నారన్నమాట. నాతో ఒక్కరూ చెప్పలేదు! ఆఖరున "మీ ఊరి ప్రత్యేకత ఏంటి?" అన్న ప్రశ్న ఒకటుంది. దాని కింద మూడు చుక్కల గీతలు. "రైలు మా ఊరితో ఆగిపోతుంది, రాసుకో తల్లీ" అన్నాను. ఆ పిల్ల రాసుకుని, మజ్జిగ తాగి వెళ్ళిపోయింది. అంతకంటే పెద్ద ప్రత్యేకత ఒకటి మా ఇంట్లోనే ఉండేదని ఆ మూడు గీతల్లో ఎలా చెప్పను?

నాది బాపట్ల. మాకు సముద్రం ఉంది, వ్యవసాయ కళాశాల ఉంది, అయినా మేం గొప్పలు చెప్పుకునే జాతి కాదు. చెప్పుకునే జాతి తెనాలి వాళ్ళు. తెనాలి ఆంధ్రా పారిస్ అంటారు. అసలు పారిస్‌కి వెళ్ళి పోల్చి చూసి వచ్చిందెవరో నాకు ఈనాటికీ తెలియదు. పెళ్ళయి నేను వచ్చిపడింది రేపల్లె. తెనాలి నుంచి బయల్దేరిన రైలు వేమూరు మీదుగా వరిచేల మధ్యన పడి వచ్చి, ఇక్కడికి చేరాక ముందుకు పోవడానికి పట్టాలు లేక ఆగిపోతుంది. అదే మా ఊరి గొప్ప. ఈ మధ్య జిల్లాలు మార్చినప్పుడు బాపట్ల జిల్లా అయి, రేపల్లె దాని కిందికి వచ్చింది. నలభై ఏళ్ళు ఆలస్యంగానైనా మా పుట్టింటికి అత్తవారింటి మీద పెత్తనం దొరికిందని నేను లోపల్లోపల సంబరపడ్డాను. పైకి అంటే మా ఆయన ఊరుకోరు.

ఇక మా ఇంటి ప్రత్యేకత మా తోటికోడలు. ఆ ఇంటి పెద్దకోడలు కాబట్టి నాకు అక్కయ్య. ఆమెది తెనాలి. హైస్కూల్లో చదివేటప్పుడు రాష్ట్రావతరణ దినోత్సవానికి ఆమెకి తెలుగు తల్లి వేషం వేశారట. అట్టకిరీటం, ఎడమచేతిలో ఇత్తడి పూర్ణకుంభం, కుడిచేతిలో వరికంకులు. రావలసిన మంత్రిగారు రెండు గంటలు ఆలస్యం. ఆ రెండు గంటలూ ఈవిడ వేదిక మీద రెప్ప వాల్చకుండా నిలబడింది. కాలువ పక్క షెడ్డులో సిమెంటు విగ్రహాలు పోసే పెద్దాయన ఒకరు ముందు వరసలో కూర్చుని ఆ ముఖం చూసి మురిసిపోయి, మట్టితో దాని నమూనా చేసి అచ్చు తీశాడు. ఆ అచ్చులోంచి ఎన్ని తెలుగు తల్లులు వచ్చాయో లెక్కలేదు. వేమూరు వైపు వెళ్ళినా, మా పక్కనున్న నగరం అనే ఊరివైపు వెళ్ళినా, ఏదో ఒక సెంటర్లో మా అక్కయ్య నిలబడి ఉండేది. పెదవి ఒక కొస కొంచెం లోపలికి నొక్కుకుని చిన్న నవ్వు. "ఆ నవ్వులో కరుణ చూశారా, కన్నతల్లి కరుణ!" అని ఉపన్యాసాలు దంచేవాళ్ళు. అది కరుణా కాదు, పాడూ కాదు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి చిక్కుడుకాయలు వలుస్తూ అక్కయ్యే చెప్పింది. "ఒంటేలుకి వెళ్ళాలే చెల్లీ! రెండు గంటలు! పళ్ళ బిగువున ఆపుకున్నాను. ఆ ముఖానికి అచ్చు తీశాడాయన" అని. నవ్వలేక నా కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఆవిడ మాత్రం నవ్వలేదు.

రేపల్లెకి రైలు తప్ప వేరే గొప్ప లేదని మా మామయ్యగారికి మహా బాధ. ఆ బాధతోనే పెద్దకొడుక్కి ఈ సంబంధం చూసొచ్చారని మా అత్తయ్యగారు అనేవారు. కట్నం మాటే ఎత్తలేదట. ఏటా నవంబరు ఒకటిన లారీ మీద నిలబడాలన్నది ఒక్కటే షరతు. ఉత్సవ కమిటీకి ఆయనే పెద్ద. లారీకి అరటిబోదెలు కట్టి, మైకు పెట్టి, పొద్దున తొమ్మిదింటి నుంచి మధ్యాహ్నం దాకా ఊరంతా తిప్పేవారు. అసలు మనిషి ఏ ఊళ్ళో ఉంటే తెలుగు తల్లి ఆ ఊరిదేనని, తెనాలి వాళ్ళకి మిగిలింది సిమెంటేనని ఆయన వాదన. ఆ వాదనకి ఎదురు చెప్పినవాళ్ళని నేను చూడలేదు.

ఏడాదికి ఒక్కపూటే కదా అనుకుంటాం. అక్కడే ఉంది తిరకాసు. మిగతా మూడు వందల అరవై నాలుగు రోజులూ కూడా ఆవిడ లారీ దిగలేదు. బజారులో మిరపకాయ బజ్జీ కొనుక్కుంటే "అదుగో, తెలుగు తల్లి బజ్జీలు తింటోంది" అనేవాళ్ళు. సినిమాహాల్లో పకపకా నవ్వితే ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి చూసేవాళ్ళు. కూరలవాడితో బేరమాడితే తప్పు, జడ కత్తిరిస్తానంటే తప్పు. చీరాల నుంచి నేతచీరలు తెచ్చి ఇరుగుపొరుగుకి అమ్ముతానంటే మామయ్యగారు అన్నం ముందు నుంచి లేచిపోయారు. "తెలుగు తల్లి మూట నెత్తినెట్టుకుని ఇల్లిల్లూ తిరుగుద్దా? ఊరు ఊరంతా తలెత్తుకోగలదా?" అన్నారు. చీరలమాట అక్కడితో సరి. తెనాలిలో వాళ్ళమ్మ ఒక్కతే ఉండేది. ఈమె ఒక్కతే కూతురు. గంటంపావు రైలు ప్రయాణం. అయినా ఏ స్కూలు వార్షికోత్సవమో, ఎవరిదో సన్మానమో అడ్డుపడి, వెళ్ళడం మూడు నెలలకోసారి కూడా కుదిరేది కాదు.

నిజం చెప్పాలిగా, నాకు ఆవిడంటే జాలి ఉండేది, అంతకంటే ఎక్కువ అసూయ ఉండేది. ఇంటికి ఎవరొచ్చినా ఆవిడని చూడటానికే. నేను కాఫీలు మోసేదాన్ని. "చిన్నకోడలిది ఏ ఊరండి?" అని ఎవరైనా అడిగితే, బాపట్ల అనేలోపే మాట మారిపోయేది. ఏటా ఆవిడకి వేషం వేసే పని నాదే. పట్టుచీర కుచ్చిళ్ళు సర్ది, కిరీటం జారకుండా జడకి కలిపి పిన్నులు గుచ్చేదాన్ని. ఎప్పుడైనా ఒక పిన్ను చర్మానికి తగిలితే అది ప్రతిసారీ పొరపాటేనని ప్రమాణం చేసి చెప్పలేను.

ఇది జరిగి ముప్పై ఏళ్ళు దాటింది. ఆ నవంబరు ఒకటిన పొద్దున్నే ఏడింటికి ఎదురుగా ఉన్న మందుల షాపు నుంచి కేకేశారు, తెనాలి నుంచి ఫోనని. అక్కయ్య తలంటుకుంటోంది. నేను పరుగెత్తి వెళ్ళి ఫోను తీశాను. వాళ్ళమ్మ పక్కింటావిడ. "ఆవిడకి బాలేదమ్మా. డాక్టరుగారు పెదవి విరిచేశారు. కూతురేది, కూతురేది అంటోంది. ఎనిమిదింటి రైలుకి పంపించండమ్మా" అంది. నేను ఇంటికి వచ్చి మామయ్యగారితో చెప్పాను. ఆయన చెడ్డవారు కాదు. వాకిట్లో అటూ ఇటూ రెండుసార్లు తిరిగారు. "లారీ వచ్చేసింది. కలెక్టరాఫీసు నుంచి కూడా ఎవరో వస్తున్నారు. ఊరేగింపు కాగానే నేనే కారులో పంపిస్తాను. అప్పటిదాకా చెప్పకమ్మా, పాపం బెంగపెట్టుకుంటుంది" అన్నారు. నేను తలూపాను.

తలూపి వెళ్ళి అక్కయ్యకి కుచ్చిళ్ళు సర్దాను. "ఫోను ఎవరిదే?" అని అడిగింది అద్దంలోంచి. "మా ఆయనకి, ఆఫీసు నుంచి" అన్నాను. మామయ్యగారంటే భయం, నిజమే. కానీ భయం ఒక్కటేనంటే అబద్ధమవుతుంది. ఆ ఇంట్లో అడుగుపెట్టాక మొదటిసారి, ఆవిడకి తెలియనిది నాకు తెలుసు. ఆ కాసేపు నేనేదో పెద్దదాన్నయినట్టు అనిపించింది. ఛీ, ఎంత నీచమైన బుద్ధి! కిరీటానికి పిన్ను గుచ్చుతుండగా ఎనిమిదింటి రైలు కూత వినిపించింది. "బాగా వచ్చిందా చెల్లీ?" అంది అక్కయ్య కిరీటం సర్దుకుంటూ. వచ్చిందన్నాను.

లారీ కదిలాక వెనకాల ఆడవాళ్ళతో పాటు నేనూ నడిచాను. ఎండ ఎక్కుతోంది. పైన ఆవిడ కళ్ళు ఆర్పకుండా, పెదవి కొస నొక్కుకుని నిలబడింది. ఒక ఈగ వచ్చి ముక్కు మీద వాలింది. విదిలించలేదు. స్టేషను రోడ్డు మలుపులో బ్యాండు వాళ్ళు సోడాలు తాగడానికి ఆగినప్పుడు ఇక నావల్ల కాలేదు. లారీ ఎక్కి ఆవిడ చెవి దగ్గర చెప్పేశాను. "అక్కయ్యా, అమ్మకి బాలేదట. నిన్ను చూడాలంటోందట." ఆవిడ కదలలేదు. అలవాటు అలాంటిది. బుగ్గల మీదుగా నీళ్ళు మాత్రం జారాయి. కింద ఎవరో "తల్లి కంటనీరు పెట్టింది రోయ్!" అని అరిచారు. జనం చప్పట్లు కొట్టారు. అప్పుడు అక్కయ్య వంగి పూర్ణకుంభం లారీ మీద పెట్టి, కంకులు దాని పక్కన పడేసి, చీర ఎత్తిపట్టుకుని దిగింది. మామయ్యగారు ముందు జీపులోంచి "అమ్మాయ్! అమ్మాయ్!" అంటూనే ఉన్నారు. ఆవిడ వెనక్కి చూడకుండా స్టేషనుకి నడిచింది. నేను వెంట పరుగెత్తాను.

పదకొండింటి రైలు ఎక్కాం. కిరీటం మీద చెయ్యి వేయబోతే నా చెయ్యి తోసేసింది. పెట్టెలో వాళ్ళు లేచి చోటిచ్చారు. ఒక ముసలాయన దండం కూడా పెట్టాడు. ఆమె కిటికీలోంచి చూస్తూ ఒక్కటే మాట అడిగింది. "నీకెప్పుడు తెలిసిందే?" "ఇందాకే అక్కయ్యా, ఊరేగింపులో ఎవరో వచ్చి చెప్పారు" అన్నాను. వేమూరు దాటింది.

మేం వెళ్ళేసరికి వాళ్ళమ్మకి ప్రాణం ఉంది, మాట లేదు. కళ్ళు తెరిచే ఉన్నా ఎదురుగా ఉన్నది కూతురని గుర్తుపట్టినట్టు లేదు. కిరీటంతో మంచం పక్కన కూలబడిన మనిషిని ఎవరని అనుకుందో! పక్కింటావిడ ఏడుస్తూ అంది. "పదింటి దాకా మాట్లాడుతూనే ఉందమ్మా. ఎనిమిదింటి రైలుకి వస్తావని గుమ్మం వైపే చూసింది. పొద్దున్నే ఏడింటికే ఫోను చేశాను కదమ్మా, ఈ అమ్మాయేగా తీసింది?" అని నా వైపు చెయ్యి చూపించింది. అక్కయ్య నన్ను చూసింది. చూసి, తల తిప్పుకుని వాళ్ళమ్మ పాదాలు పట్టుకుంది. సాయంత్రం దీపాల వేళకి వాళ్ళమ్మ పోయింది.

అక్కయ్య నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బతికిపోయేదాన్ని. కర్మకాండలు అయ్యాక రేపల్లె వచ్చింది. ఎప్పటిలాగే కలిసి వండుకున్నాం, కలిసి తిన్నాం. ఆ ఏడాదంతా ఎదురుచూశాను, ఈ రోజు అడుగుతుంది, ఈ రోజు తిడుతుంది అని. మళ్ళీ అక్టోబరు చివర కమిటీ వాళ్ళు వచ్చారు. నిరుడు అర్ధాంతరంగా దిగిపోయినందుకు ఊళ్ళో గొణుగుడు చాలా అయింది, అయినా రాక తప్పలేదు వాళ్ళకి. మామయ్యగారు నేల చూపులు చూస్తూ కూర్చున్నారు. అక్కయ్య వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఈసారి మా చెల్లెల్ని నిలబెట్టండి బాబాయిగారూ" అంది వచ్చినవాళ్ళలో ఒక పెద్దాయనతో. గొంతులో కోపం లేదు. "నాకంటే బాగా చేస్తుంది. నోరు మెదపకుండా నిలబడటం దానికి బాగా వచ్చు."

కమిటీవాళ్ళు అది పొగడ్త అనుకుని సంతోషించారు. ఒళ్ళు బాగాలేదనో, బిడ్డలు చిన్నవాళ్ళనో చెప్పి తప్పించుకోవచ్చు. కానీ నేను మళ్ళీ తలూపాను. పదకొండేళ్ళు లారీ ఎక్కాను. వేషం వేసింది అక్కయ్యే. ఒక్క పిన్ను గుచ్చుకోనివ్వలేదు. "రాత్రి నుంచి నీళ్ళు తగ్గించు" అని మాత్రం చెప్పేది. మామయ్యగారు పోయారు, కమిటీ మూలపడింది, రాష్ట్రమే రెండయింది. మేమిద్దరం ఇంకా ఈ ఇంట్లోనే, ఒకే టీవీ ముందు కూర్చుంటున్నాం. తప్పయిపోయింది అక్కయ్యా అని ఇంతవరకూ అనలేకపోయాను. ఎన్నోసార్లు గొంతుదాకా వచ్చింది, ఆవిడ ఇటు తిరిగి చూడగానే ఆగిపోయింది. ముప్పై ఏళ్ళు ఎలా గడిచాయంటే చెప్పలేను గానీ, ఎనిమిదింటి రైలుకీ పదకొండింటి రైలుకీ మధ్యనున్న ఆ మూడు గంటలు మాత్రం నాకింకా గడవలేదు.