రెక్కలు లేని ఇద్దరు

డిగ్రీ చదివే రోజుల్లో, పాల్వంచలో ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో కర్టెన్ చాటున కూర్చుని జపాన్ మాంగా చదివేదాన్ని. ఇంట్లో మాత్రం ప్రాజెక్టు పని అని చెప్పేదాన్ని. అవి బొమ్మల కథలే, కానీ ప్రేమించుకునేది ఇద్దరు అబ్బాయిలు. నెట్ స్లో కాబట్టి పేజీ పైనుంచి కిందికి మెల్లగా తెరుచుకునేది. ముందు జుట్టు, తర్వాత కళ్ళు, ఆపైన ఒకరి చేతిలో ఒకరి చేయి. అబ్బ, ఎంత బాగుండేదో! వెనక కుర్చీ కిర్రుమంటే చాలు, అన్నీ మూసేసేదాన్ని. మా నాన్న కరెంటు ప్లాంటులో షిఫ్టు ఉద్యోగి, చర్చిలో పెద్ద. మా అన్న సినిమా పాట పాడినందుకే బెల్టు తీసిన మనిషి. ఇది తెలిస్తే నా చదువు అక్కడితో బంద్.

ఆ జంటను ఇష్టపడ్డవాళ్ళు సొంతంగా బొమ్మలు గీసి నెట్‌లో పెట్టేవారు. చూసి చూసి నేనూ మొదలుపెట్టాను. పొడుగు జుట్టు, వదులు చొక్కాలు, నుదురూ నుదురూ ఆనించుకున్న ఇద్దరు. అలాంటి ఒక బొమ్మను నా చర్చి పాటల పుస్తకంలో దాచాను. ఒకరి పాటల పుస్తకం ఇంకొకరు ముట్టరు కదా అని నా ధీమా.

ఆ ధీమా కాస్తా మా ఇంట్లో జరిగిన శుక్రవారం ప్రార్థన కూడికలో గంగలో కలిసింది. సండే స్కూల్ టీచరక్క తన పుస్తకం మరిచిపోయి వచ్చి నాది తీసుకుంది. తెరవగానే బొమ్మ చాప మీద పడింది. నాన్న ఎదురుగానే ఉన్నాడు.

"ఏందిది? దేవదూతలా?" అంది అక్క.

"అవ్ అక్కా."

"మరి రెక్కలేవి?"

"ఇంకా గియ్యలే."

"మస్తుగున్నయ్! గిట్లనే పెద్దగ గియ్యి, క్రిస్మస్‌కు చర్చిల పెడదాం."

నాన్న ముఖం వెలిగిపోయింది. మర్నాడే చార్టు తెచ్చాడు. అమ్మ మాత్రం బొమ్మను చాలాసేపు చూసి నా చేతికిచ్చింది.

పండుగనాడు చర్చి గోడ మీద నా ఇద్దరూ నాలుగు రెక్కలతో నిలబడ్డారు. నాన్న వచ్చినవాళ్ళనల్లా పిలిచి, "మా బిడ్డ గీసింది" అని చూపిస్తున్నాడు. ఇంటర్నెట్ సెంటర్‌లో ఇలాంటివి చూసినవాళ్ళు ఒక్కరున్నా నా పని అయిపోయినట్టే. ప్రార్థనలో కళ్ళు మూసుకోవడానికి కూడా భయమేసింది. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

ఇంటికొచ్చాక అమ్మ నా పక్క సర్దుతూ, నా వైపు చూడకుండా అంది.

"పరుపు కింద ఇంకా పదకొండు ఉన్నయ్ బిడ్డా. మీ నాన్న చూడకముందే వాటికి గూడ రెక్కలు గియ్యి."