తొమ్మిది ఇళ్లకు ఇచ్చిన జాలీ

లాల్‌పేట్ బొగ్గుగని కాలరీ క్వార్టర్లో ఉన్నప్పుడు మా బొగ్గుల కుంపటికి నేనొక జాలీ చేశాను. పాత సైకిల్ చువ్వలు వంచి, ఒకదాని మీద ఒకటి రెండు వరుసలు. పిడి తిప్పితే బూడిద రాలిపోతుంది, సగం కాలిన బొగ్గు పైనే నిలుస్తుంది. పనికొచ్చే బొగ్గును బూడిదతో పారబోయడం నాకు పడేది కాదు.

ఈమధ్య మనవరాలు దాన్ని అటక మీద చూసింది. నా కూతురి బిడ్డ, ఇంజినీరింగ్ చదివింది.

"అమ్మమ్మా, గిసుంటిది ఇంకెక్కడ లేదే. పేటెంట్ చేద్దాం. బొగ్గుల మీద వండుకునే దేశాలు ఇంకా మస్తున్నయి."

ముందు ఇక్కడ దరఖాస్తు వేస్తే, ఏడాదిలోపు ఆ దేశాల్లోనూ వేసుకోవచ్చట. దరఖాస్తులో కనిపెట్టినవారి గడిలో నా పేరు రాసింది. నేను రెండో తరగతితో బడి మానేసినదాన్ని. ఆమె వంటింట్లోకి వెళ్లాక ఆ పేరు మీద వేలు పెట్టి కూడబలుక్కుని చదివాను.

చంద్రపూర్‌లో వకీలు మరాఠీలో అడిగాడు: ఇది ఇంతకుముందు ఎవరికైనా చూపారా, ఇచ్చారా?

మనవరాలు నా చేయి నొక్కింది. "ఇయ్యలే అను అమ్మమ్మా. ఆ క్వార్టర్లే కూలగొట్టిండ్రు. ఎవరికి యాదుంటది?"

"నాకుంటది" అన్నాను.

ముత్తైదువలు ఒకరింటికొకరు వెళ్లే హల్దీకుంకూలో, వచ్చినవాళ్ల చేతిలో ఏదో ఒక వస్తువు పెట్టాలి. బజారు గిన్నెలు కొనడం దండగని, ఒక ఏడు నేను తొమ్మిది జాలీలు చేసి పెట్టాను. ఎదురింటామె నవ్వింది: "అందరు గిన్నెలిస్తరు, నువ్వు తుక్కిస్తున్నవా వదినా?" నెల తిరక్కుండా ఆమే ఇంకొకటి అడిగింది, ఆడబిడ్డకట.

వకీలుకు ఒక్కొక్క గడపా చెప్పాను. ఎవరిది ఏ ఊరో, ఎవరి జాలీకి పిడి పొట్టిగా పెట్టానో. నా భర్త పోయాక నాకు ఆ పిలుపులు ఆగాయి. ఆ తర్వాత వాళ్లలో కొందరు పోయారు, కొందరు ఊళ్లు మారారు. ఇన్నేళ్లలో వాళ్ల గురించి నన్నడిగింది ఆ వకీలొక్కడే.

అంతా విని పెన్ను పక్కన పెట్టాడు. "ముందే నలుగురికీ ఇచ్చేసినదానికి పేటెంట్ ఇక్కడా రాదు, బయటి దేశాల్లోనూ రాదు, అవ్వా."

ఆటోలో మనవరాలు దరఖాస్తు కాగితాలు మడిచి సంచిలో పెట్టింది. అప్పుడంది: "ఒక్క అబద్ధం గదా, అమ్మమ్మా."

"గా అబద్ధమాడితే వాళ్లు నా ఇంటికి రానట్టే గద, బిడ్డా."

ఆమె నన్ను దింపి వెళ్లిపోయింది. జాలీని మళ్లీ అటక ఎక్కించలేదు. కుంపటిలో పెట్టి, ఒక్కదాని స్నానానికి నీళ్లు కాగేటన్ని బొగ్గులు వేశాను.